స్టోర్స్ డ్రాయర్ల దగ్గర జరగాల్సిన క్లాసు

రెండు బోల్టులు. ఒకటి ఏ211-8సీ, ఇంకొకటి ఏ211-8డీ. పొడవు రెండింటిదీ ఒకటే, 0.8 అంగుళం. అంగుళానికి థ్రెడ్లు రెండింటికీ 32. తేడా అంతా లావులోనే ఉంది. అది 0.026 అంగుళం, అంటే మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు. పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో చూస్తే తెలుస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి, మసక దీపం కింద, వేళ్ళతో తడిమి చూస్తే తెలియదు.

1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలగాకు బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బీఏసీ వన్-ఎలెవెన్‌కి కెప్టెన్ వైపు ముందు అద్దాన్ని అంతకు 27 గంటల ముందే మార్చారు. దాన్ని పట్టి ఉంచే బోల్టులు 90. వాడాల్సింది 8డీ. అందులో 84 సన్నవి, 8సీలు. మిగిలిన ఆరూ 7డీలు. వాటి లావు సరైనదే గానీ పొడవు 0.1 అంగుళం తక్కువ. 17,300 అడుగుల ఎత్తులో అద్దం ఊడిపోయింది. గాలి కెప్టెన్‌ని నడుము దాకా బయటికి లాగేసింది. క్యాబిన్ సిబ్బంది ఆయన కాళ్ళు గట్టిగా పట్టుకుని ఉంటే, కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దింపాడు. 87 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

పనిలో మనుషులు ఎందుకు పొరపాటు పడతారో నేర్పే హ్యూమన్ ఫ్యాక్టర్స్ క్లాసులో కూర్చున్న ప్రతి విమాన మెయింటెనెన్స్ ఉద్యోగికీ ఈ సంఘటన తెలుసు. చాలాచోట్ల వీడియో కూడా వేస్తారు. బ్రిటన్ దర్యాప్తు సంస్థ ఏఏఐబీ దీనిమీద 1992లో ఇచ్చిన నివేదికను ఈమధ్య మళ్ళీ మొదటి నుంచి చదివాను. చదివినప్పటి నుంచి మనసులో ఒకటే మెదులుతోంది. ఆ నివేదిక చెప్పేది ఒకటి, క్లాసులో దాన్నుంచి మనం తీసే పాఠం ఇంకొకటి. క్లాసులో చెప్పేది: అలసటగా ఉన్నప్పుడు జాగ్రత్త, కళ్ళని నమ్మకు, మాన్యువల్ చూడు. నివేదికలో మాత్రం పేజీల కొద్దీ విడిభాగాలు ఇచ్చే స్టోర్స్, డ్రాయర్లు, ప్లాట్‌ఫాం, దీపాలు, షిఫ్టులో ఎంతమంది ఉన్నారు, ఏ పనికి రెండో తనిఖీ ఉంది, దేనికి లేదు అనే విషయాలున్నాయి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. క్లాసు జరిగాక విమానాలు మరమ్మతు చేసే హ్యాంగర్‌లో ఒక జాబ్ కార్డో (పనిలో ఏ దశ తర్వాత ఏది అని రాసిన కాగితం), ఒక లేబులో, ఒక స్టాండో, ఒక పద్ధతో మారకపోతే ఆ క్లాసు వృథా. హాజరు పట్టీలో ఎన్ని సంతకాలున్నా సరే.

ఆ రాత్రి ఏం జరిగింది

పని చేసింది కొత్తగా చేరిన కుర్రాడు కాదు. షిఫ్ట్ మెయింటెనెన్స్ మేనేజరే స్వయంగా చేశాడు. మనుషులు తక్కువ, పని ఎక్కువ. చాలా రోజుల తర్వాత అది ఆయనకి మొదటి రాత్రి డ్యూటీ. మూడింటి ప్రాంతంలో అద్దం పని మొదలుపెట్టాడు.

పాత అద్దం విప్పాడు. బోల్టుల్లో కొన్నిటికి రంగు అంటుకుంది, కొన్ని దెబ్బతిన్నాయి. కొత్తవి వేద్దామనుకున్నాడు. అంతవరకూ మంచి మెకానిక్ చేసే పనే. ఒక పాత బోల్టు పట్టుకుని స్టోర్స్‌కి వెళ్ళాడు. పోల్చి చూస్తే అది 7డీ. ఇక్కడే మొత్తం చిక్కంతా ఉంది. అక్కడ ఉండాల్సింది 8డీ. గతంలో ఎవరో అద్దం మార్చినప్పుడు పొట్టి బోల్టులు వేశారు, అవి ఏళ్ళ తరబడి పట్టుకునే ఉన్నాయి. స్టోర్స్‌లో ఉన్న వ్యక్తి ‘దీనికి 8డీ వాడతారు’ అని చెప్పాడు కూడా. మేనేజర్ వినలేదు. విప్పింది 7డీ అయితే బిగించేదీ 7డీనే అనుకున్నాడు.

ఆ స్టోర్స్‌లో 7డీలు నాలుగైదే ఉన్నాయి. మిగతా వాటి కోసం బండి వేసుకుని, విమానాశ్రయంలోనే ఇంకో చోట మనిషి కాపలా లేని డ్రాయర్ల స్టాండ్ దగ్గరికి వెళ్ళాడు. లేబుళ్ళు అరిగిపోయాయి, వెలుతురు చాలదు. చేతిలో ఉన్న బోల్టుతో చూపుకీ వేళ్ళకీ సరిపోయినవి ఏరుకుని తెచ్చుకున్నాడు. అవి 8సీలు.

బిగించేటప్పుడైనా తెలియాలి కదా? సన్న బోల్టు నట్టులో పడితే లూజుగా తిరుగుతుంది, తల అది కూర్చునే గుంటలో (కౌంటర్‌సింక్‌లో) మామూలుకన్నా లోతుకి దిగుతుంది. కానీ ప్లాట్‌ఫాం అద్దానికి ఎదురుగా లేదు. పక్క నుంచి చాపుకుని, రెండు చేతులూ వాడి, ఒక చేత్తో బిట్‌ని పట్టుకుని మరీ తిప్పాల్సి వచ్చింది. తన చెయ్యే బోల్టు తలకి అడ్డం. టార్క్ స్క్రూడ్రైవర్ సరైన బిగువు దగ్గర ‘టక్’మని జారుతుంది. నట్టులో థ్రెడ్లు జారినా చేతికి ఇంచుమించు అలాగే తగులుతుంది. మాన్యువల్ చెప్పిన బిగువు 15 పౌండ్-అంగుళాలు, ఆయన పెట్టుకున్నది 20. టక్కుమంది, తర్వాతి బోల్టుకి వెళ్ళాడు. అలా 84 సార్లు.

ఈ అద్దం లోపలి నుంచి కూర్చునే రకం కాదు. బయటి నుంచి పెట్టి బోల్టులతో బిగించేది, కాబట్టి క్యాబిన్ పీడనం మొత్తాన్నీ మోసేది ఆ బోల్టులే. అయినా ఆ పని రెండో మనిషి తనిఖీ చేయాల్సిన జాబితాలో లేదు. పని ముగిశాక పీడన పరీక్ష చేయాలన్న నియమమూ లేదు. పని చేసిందీ, సంతకం పెట్టిందీ ఆయనే.

మనిషి తప్పేమీ లేదా?

ఉంది. పార్ట్స్ కేటలాగ్ ఉంది, తెరవలేదు. సరైన నంబరు చెప్పిన మనిషి ఎదురుగా ఉన్నాడు, వినలేదు. టార్క్ తనకి తోచినంత పెట్టుకున్నాడు. ఇవన్నీ సొంత నిర్ణయాలే. ‘వ్యవస్థ తప్పు’ అనేసి చేతులు దులుపుకుంటే, నిజాయితీగా కేటలాగ్ తెరిచి చూసే వందల మంది మెకానిక్‌లకి అన్యాయం చేసినట్టవుతుంది.

కానీ ఈ రంగంలో వాళ్ళు వేసుకునే ప్రశ్న ఒకటుంది. అదే చదువు, అదే అనుభవం ఉన్న ఇంకొకరిని ఆ రాత్రి ఆ చోట నిలబెడితే ఏం చేసేవాడు? పాత బోల్టు తీసుకెళ్ళి దానికి జోడు వెతకడం లోకంలోని ప్రతి వర్క్‌షాపులోనూ ఉన్న అలవాటు. మన మోటార్ సైకిల్ మెకానిక్ దగ్గర నుంచి మొదలుపెట్టి అందరూ చేసేదే. నూటికి తొంభై తొమ్మిదిసార్లు అది సరిపోతుంది కూడా. సరిపోతుంది కాబట్టే అలవాటైంది. అలాంటి అలవాటు క్లాసులో ‘చేయకండి’ అన్నంత మాత్రాన పోదు. పాత బోల్టు పట్టుకుని వచ్చిన వాడికి పార్ట్ నంబరు రాసిన కాగితం లేకుండా ఇవ్వకూడదన్న పద్ధతి స్టోర్స్‌లో ఉంటే పోతుంది. రెండో డ్రాయర్ల స్టాండ్‌కి తాళం ఉంటే పోతుంది.

కెనడా రవాణా శాఖలో గోర్డన్ డుపాంట్ 1993లో తయారుచేసిన ‘డర్టీ డజన్’ పోస్టర్లు ఇవాళ ప్రపంచంలో దాదాపు ప్రతి హ్యాంగర్ గోడ మీదా కనిపిస్తాయి. అలసట, ఒత్తిడి, ధ్యాస మళ్ళడం, నిర్లక్ష్యం, నోరు విప్పి చెప్పలేకపోవడం, పాతుకుపోయిన అలవాట్లు, ఇంకా ఆరు. జాబితా మంచిదే, గుర్తుంటుంది. దాన్ని ఎలా వాడుతున్నామన్నదే నా అభ్యంతరం. పన్నెండూ మెకానిక్ మనసు లోపలి జబ్బులన్నట్టు బోధిస్తాం. ‘వనరుల కొరత’ కూడా ఆ పన్నెండులో ఒకటి. అది మెకానిక్ జబ్బెలా అవుతుంది? అది కొనుగోలు విభాగానిదీ ప్లానింగ్‌దీ.

నా వాదనకే ఎదురు వచ్చే సంఘటన

‘కార్డు మారిస్తే చాలు’ అనేవాళ్ళకి 1983 మే 5 గుర్తు చేయాలి. నాకు నేను కూడా గుర్తు చేసుకోవాలి. ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ట్రైస్టార్ విమానం ఒకటి మయామి నుంచి నసావుకి 172 మందితో బయల్దేరింది. ముందు రాత్రి మూడు ఇంజిన్లకూ మాగ్నెటిక్ చిప్ డిటెక్టర్లు మార్చారు. ఇంజిన్ నూనెలో ఇనుప రజను చేరిందేమో పట్టి చూపే చిన్న ప్లగ్గులవి. వాటికి నూనె కారకుండా ఆపే ఓ-రింగులు ఉంటాయి. ఆ రాత్రి మూడింటిలో దేనికీ ఓ-రింగులు లేవు. గాల్లో నూనె కారిపోయి మొదట మధ్య ఇంజిన్ ఆపాల్సి వచ్చింది. వెనక్కి తిరిగాక మిగతా రెండూ ఆగిపోయాయి. సముద్రంలో దిగడానికి ప్రయాణికులని సిద్ధం చేస్తుండగా, మొదట ఆపిన ఇంజిన్‌ని మళ్ళీ వెలిగించగలిగారు. ఆ ఒక్కదానితో మయామిలో దిగారు.

జాబ్ కార్డులో ‘కొత్త ఓ-రింగులు వేయాలి’ అని స్పష్టంగా ఉంది. అంతకు ముందు రెండేళ్ళలోపే ఆ సంస్థలో చిప్ డిటెక్టర్లు, ఓ-రింగుల వల్ల గాల్లో ఇంజిన్లు ఆపాల్సిన సంఘటనలు పన్నెండు జరిగాయి. ఆ అనుభవంతోనే కార్డులో మార్పులు చేశారు. కాగితం సరిగ్గానే ఉంది. మెకానిక్‌లు సంతకాలూ పెట్టారు. మరి ఎందుకలా జరిగింది?

అంతవరకూ వాళ్ళు డిటెక్టర్లు తీసుకునేది ఫోర్‌మన్ గదిలోని అలమర నుంచి. అక్కడ పెట్టేవాటికి ఓ-రింగులు ముందే వేసి ఉండేవి. ఆ రాత్రి అలమరలో అవి లేవు, స్టాక్ రూమ్ నుంచి తెచ్చారు. స్టాక్ రూమ్‌లో ఉన్నవాటికి ‘పనికి సిద్ధం’ అన్న ట్యాగ్ ఉంది గానీ ఓ-రింగులు లేవు. ‘ఓ-రింగు వేయాలి’ అన్న వాక్యం కార్డులో ఉన్నా, దాని మీద సంతకం పెట్టే చేతులకి ఆ పని చేసిన అలవాటే లేదు. ఎవరో ముందే చేసిపెట్టేవారు.

కాబట్టి కార్డు మార్చడం ఒక్కటే చాలదని ఒప్పుకుంటాను. కార్డులో రాసింది ఒకటి, అలమరలో జరిగేది ఇంకొకటి అయినప్పుడు మనిషి అలమరనే నమ్ముతాడు. ఈ తేడా ఆఫీసులో కూర్చుని కార్డులు రాసేవాళ్ళకి కనిపించదు. రోజూ ఆ అలమర తెరిచేవాళ్ళకే కనిపిస్తుంది. వాళ్ళందరూ పనిగట్టుకుని ఒకచోట కూర్చునే సందర్భం హ్యూమన్ ఫ్యాక్టర్స్ క్లాసు ఒక్కటే. ఆ సమయాన్ని స్లైడ్లకి ఖర్చు పెట్టేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

‘అయిపోయినట్టే’

మన దేశంలో విమాన మెయింటెనెన్స్ లైసెన్సుకి సీఏఆర్-66, మరమ్మతు సంస్థలకి సీఏఆర్-145 అనే నియమాలున్నాయి. సీఏఆర్-66 లైసెన్సు పరీక్షల్లో తొమ్మిదో మాడ్యూల్ హ్యూమన్ ఫ్యాక్టర్స్. ఉద్యోగంలో చేరాక సీఏఆర్-145 ప్రకారం మొదటి శిక్షణ, ఆపైన రెండేళ్ళకోసారి పునశ్చరణ. శంషాబాద్‌లో విమానాలు మరమ్మతు చేసే జీఎమ్ఆర్ ఏరో టెక్నిక్ హ్యాంగర్లున్నాయి. 2025 నవంబరులో ఫ్రెంచి సంస్థ సఫ్రాన్ వాళ్ళ లీప్ విమాన ఇంజిన్ల మరమ్మతు కేంద్రం కూడా వచ్చింది. ఏఎమ్ఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజినీరింగ్) చదివి ఈ పనిలోకి వచ్చే తెలుగు పిల్లలు తక్కువేం కాదు. మాడ్యూలూ ఇంగ్లీషులోనే, స్లైడ్లూ ఇంగ్లీషులోనే. హ్యాంగర్‌లో నోటి మాట మాత్రం తెలుగు, హిందీ, తమిళం, మలయాళం కలగలిసి నడుస్తుంది. షిఫ్టు మారేటప్పుడు దీని ప్రభావం ఎంతో ఉంటుంది.

మనకి ‘అయిపోయినట్టే’ అనే మాటుంది. ఇంట్లో వంట గురించి అంటే ఏ ఇబ్బందీ లేదు. ప్యానెల్ గురించి అంటే? స్క్రూలన్నీ పెట్టారా, సగం పెట్టారా, పెట్టి టార్క్ చేయలేదా? ‘బిగించేశా’ అంటే చేత్తో తిప్పి వదిలాడా, టార్క్ రెంచ్ వేశాడా? ‘చూశాను’ అంటే కంటికి కనబడిందనా, తనిఖీ చేశాననా? ఈ మూడు మాటలూ క్లాసులో బోర్డు మీద రాసి గంటసేపు మాట్లాడితే, ‘లాక్ ఆఫ్ కమ్యూనికేషన్’ స్లైడు నెలరోజులు చూపించినదానికన్నా ఎక్కువ లాభం.

1991 సెప్టెంబరు 11న టెక్సస్‌లోని ఈగిల్ లేక్ దగ్గర కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ బ్రెజీలియా విమానం గాల్లోనే విరిగిపోయింది. 14 మందీ చనిపోయారు. ముందు రాత్రి తోక మీది అడ్డ రెక్కల ముందు అంచుకి మంచు పట్టకుండా ఉండే రబ్బరు బూట్లు మార్చే పని మొదలుపెట్టారు. ఎడమ వైపు పైభాగంలో 47 స్క్రూలు విప్పారు, ఆ వైపు పని ఆపేశారు. తర్వాతి షిఫ్టు వాళ్ళు కుడి వైపు పూర్తి చేసి విమానాన్ని బయటికి పంపారు. ఆ విమానం తోక ‘టీ’ ఆకారంలో ఉంటుంది, పైభాగం నేల మీద నిలబడితే కనిపించదు. ఇందులో నన్ను బాగా కలచివేసేది ఒక చిన్న విషయం. రాబోయే షిఫ్టు ఇన్‌స్పెక్టర్ తొందరగానే వచ్చి, మిగిలిన పని అప్పగిస్తూ రాసే హ్యాండోవర్ షీటు చూశాడు, ఎడమ వైపు గురించి ఏమీ లేదు. వెళ్ళిపోయే ఇన్‌స్పెక్టర్ ఆ తర్వాత షీటులో రాసి ఇంటికి వెళ్ళాడు. రాసినవాడు రాశాడు, చదివినవాడు చదివాడు. కానీ రాయకముందే చదివేశాడు.

అమెరికా దర్యాప్తు బోర్డులో జాన్ లాబర్ ఒక్కడు మెజారిటీతో విభేదించి, పద్ధతులు పాటించేలా చేసే సంస్కృతిని సంస్థ పై అధికారులు పెంచకపోవడాన్నే ప్రమాద కారణంగా రాయాలన్నాడు. నేను ఆయన పక్షం. అయితే ‘సంస్కృతి’ అన్న పెద్దమాట దగ్గర ఆగిపోకూడదు. షీటు మీద ఇద్దరూ ఒకేసారి, విమానం దగ్గర నిలబడి సంతకం చేయాలన్న ఒక్క నియమంగా అది దిగి రావాలి.

తాళంచెవి చేసిన పని

2013 మే 24న లండన్ హీత్రో నుంచి లేచిన ఎయిర్‌బస్ ఏ319 విమానానికి రెండు ఇంజిన్లని కప్పే ఫ్యాన్ కౌల్ తలుపులూ టేకాఫ్‌లో ఊడిపోయాయి. రాత్రి ఇంజిన్ జనరేటర్ నూనె చూడటానికి తలుపులు తెరిచి, నూనె సామగ్రి తేవడానికి వెళ్ళిన ఇద్దరు టెక్నీషియన్లు తిరిగి వచ్చి వేరే విమానం దగ్గరికి వెళ్ళారు. దాని తలుపులు మూసి ఉన్నాయి. ఎవరో మూసేసి ఉంటారనుకున్నారు. అసలు విమానం గొళ్ళేలు పెట్టకుండానే మిగిలిపోయింది. ఆ గొళ్ళేలు ఇంజిన్ అడుగున ఉంటాయి. చూడాలంటే నేల మీద దాదాపు పడుకోవాలి.

ఏ320 కుటుంబంలో ఈ తలుపులు ఊడటం అప్పటికి ముప్పైసార్లకి పైగా జరిగింది. హెచ్చరికలు ఇచ్చారు, క్లాసుల్లో చెప్పారు, పైలట్లని వంగి చూడమన్నారు. చివరికి గొళ్ళేన్నే మార్చారు. తాళంచెవి ఉంటేనే ముందు గొళ్ళెం తెరుచుకుంటుంది, గొళ్ళెం సరిగ్గా మూస్తేనే చెవి బయటికి వస్తుంది. చెవి ఉండాల్సిన చోటు కాక్‌పిట్‌లో. అది అక్కడ లేదంటే తలుపు ఎక్కడో తెరిచే ఉందన్నమాట.

1996 అక్టోబరు 2న ఏరోపెరూ బోయింగ్ 757లో 70 మంది చనిపోయింది కడిగేటప్పుడు స్టాటిక్ పోర్టుల (ఎత్తు, వేగం కొలవడానికి బయటి గాలి పీడనం తీసుకునే రంధ్రాల) మీద అంటించిన టేపు తీయకపోవడం వల్ల. ఆ టేపు వెండి రంగుది, విమానం ఒంటి రంగులో కలిసిపోయింది. ఎర్ర రంగు కవరు, దానికి వేలాడే పొడవాటి రిబ్బను ఉండి ఉంటే రాత్రిపూట టార్చి వెలుగులో కూడా కనబడేది. ‘జాగ్రత్తగా చూడండి’ అని ఎంత చెప్పినా వెండి మీద వెండి కనబడదు.

నేనైతే ఎలా నడుపుతాను

ఎనిమిది గంటల పునశ్చరణలో మొదటి రెండు గంటలు స్టోర్స్‌లోనే. ఒక ట్రేలో కలిపేసిన నలభై బోల్టులు, నాలుగు రకాలవి. దీపాలు సగం ఆర్పి, గ్లౌజులు వేయించి, పది నిమిషాల్లో వేరు చేయమనాలి. తర్వాత దీపాలు వేసి కేటలాగ్‌తో సరిచూడాలి. ఎంత తేడా వచ్చిందో ఎవరికి వారే చూసుకుంటారు, పక్కవాడికి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత హ్యాండోవర్ అభ్యాసం. ఒక బృందం పాత ప్యానెల్‌ని సగం విప్పి, షీటు రాసి బయటికి వెళ్ళాలి. నోటి మాట ఉండదు. రెండో బృందం షీటు మాత్రమే చూసి పని ముగించాలి. ఎక్కడ తికమక పడ్డారో అదే పాఠం.

మిగతా సమయమంతా సొంత హ్యాంగర్‌లో గత రెండేళ్ళలో రిపోర్ట్ అయిన లోపాల మీద. పేర్లు తీసేసి, కార్డు నంబర్లతో. ఏ కార్డులో ఏ స్టెప్ చదివినా అర్థం కాదు, ఏ స్టాండ్ ఎత్తు చాలదు, ఏ టూల్ ఎప్పుడూ కొలత సరిచూసే కాలిబ్రేషన్‌కి వెళ్ళి ఉంటుంది. బ్యాచ్ లేచేలోపు ఇలాంటివి మూడు రాసి, ఒక్కోదానికీ బాధ్యుడి హోదా, తేదీ పెట్టాలి.

నియమాల ప్రకారం ఈ శిక్షణ మెకానిక్‌లకే కాదు, స్టోర్స్, కొనుగోళ్ళు, ప్లానింగ్, మేనేజర్లు అందరికీ ఉండాలి. ఆచరణలో మాత్రం వాళ్ళని వేరే బ్యాచ్‌లో, తక్కువ గంటలు కూర్చోబెట్టేయడం సులువు. బర్మింగ్‌హామ్‌లో సరైన నంబరు చెప్పింది స్టోర్స్ మనిషి. ఆయన మాట ఎందుకు చెల్లలేదో ఆయనా మేనేజరూ ఒకే గదిలో కూర్చుంటేనే తెలుస్తుంది.

ఇక్కడే నాకు గట్టి సందేహం ఉంది. మేనేజర్ గదిలో ఉంటే కుర్రాళ్ళు నోరు విప్పరు. ‘సార్, ఒకసారి చూడండి’ అనడమే మన దగ్గర పెద్ద ధైర్యం. ‘సార్, ఇది తప్పు’ అనడం ఇంకా చాలా దూరం. లైసెన్సు మీదికి వస్తుందన్న భయం సరేసరి. మేనేజర్ లేకపోతేనేమో రాసిన మూడూ కాగితం మీదే ఉండిపోతాయి. నాకు తోచినది: పొద్దున మేనేజర్లు లేకుండా, పేర్లు లేకుండా జాబితా తయారవ్వాలి. మధ్యాహ్నం మేనేజర్ వచ్చి దాన్ని చదివి, ఒక్కోదానికీ అవుననో కాదనో, కాదంటే ఎందుకో అక్కడే చెప్పాలి. డబ్బు లేదంటే డబ్బు లేదనే రాయాలి. అది కూడా నిజమైన సమాధానమే.

ఇలా చేస్తే బ్యాచ్‌కి ఇరవై మంది ఒక రోజంతా పనికి దూరమవుతారని ప్లానింగ్ వాళ్ళు అంటారు. ఇప్పుడు జరిగే క్లాసుకీ అదే రోజు, అదే ఇరవై మంది పోతున్నారు.

రెండేళ్ళ తర్వాత అదే బ్యాచ్ మళ్ళీ వచ్చినప్పుడు మొదటి స్లైడు వేయనక్కర్లేదు. పాత జాబితా తెరిచి, మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టాలి: కార్డు నంబరు, అడిగిన మార్పు, ఇచ్చిన తేదీ, జరిగిందా లేదా.